దగ్గితే దిగే ధర

పేరు తెచ్చుకోవడానికి మనుషులు నానా గడ్డీ కరుస్తారు. కొందరు ఎన్నికల్లో నిలబడతారు, కొందరు అప్పు చేసి మేడ మీద మేడ కడతారు, ఏదీ చేతకానివాళ్లు పక్కింటి గోడ గురించి కోర్టుకెక్కుతారు. వీధంతా బాబాయి అని పిలిచే మనిషి వీటిలో ఏదీ చేయలేదు. ఒక ఆదివారం పొద్దున గ్యారేజీలో నిలబడి దగ్గాడు, అంతే.

ఆయన పరుపుల దుకాణంలో గుమాస్తా. పెళ్లికి ముందు చేరాడు, జుట్టు నెరిసినా అక్కడే ఉన్నాడు. పనల్లా ఒకటే. వచ్చినవాళ్ల ముందు స్ప్రింగు పరుపు మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కడం, వదిలేయడం, అది ఊగుతూ పైకి లేస్తుంటే "చూశారా?" అన్నట్టు వాళ్ల మొహంలోకి చూడడం. వాళ్లు చెప్పులు విప్పి పరుపు మీద వాలతారు, అటు దొర్లి ఇటు దొర్లుతారు, కొందరైతే హాయిగా ఒక కునుకు తీస్తారు. లేచి "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అని వెళ్లిపోతారు. బాబాయి నలిగిన దుప్పటి సర్దుకుంటాడు. యజమాని ఆయన్ని "ఏమయ్యా" అని తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. దుకాణం వెనకగదిలో దూది ఏకుతారు. ఆ దుమ్ము ఎప్పుడో ఆయన గొంతులో కాపురం పెట్టింది, ఖాళీ చేయమంటే చేయలేదు.

ఆయన ఉండే వాటాకి పై వాటాలో లెక్కల మాస్టారు ఉంటాడు. క్లాసు నిండా పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టగల మనిషి, గ్యారేజీకి ఒంటరిగా వెళ్లాలంటే మాత్రం ఆయనకి ఎక్కడలేని భయం. కారు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే "కాస్త తోడు రండి బాబాయ్ గారూ, ఊరికే పక్కన నిలబడండి చాలు" అన్నాడు. ఊరికే నిలబడడంలో బాబాయికి చాలా అనుభవం ఉంది కాబట్టి వెళ్లాడు.

వీధి చివర గ్యారేజీ. మెకానిక్ నలభై ఏళ్లవాడు, చెడ్డవాడు కాదు, కానీ లోకం తనని మోసం చేసేలోపు తను లోకాన్ని కొంచెం మోసం చేస్తే లెక్క సరిపోతుందనుకునే రకం. కారుని జాకీ మీద లేపి, కింద దూరి, టార్చిలైటు వేసి చూసి, బయటికొచ్చి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ రాగం అందుకున్నాడు.

"సస్పెన్షన్ మొత్తం పోయింది మాస్టారూ. ముందు షాకబ్జర్లు రెండూ కారుతున్నాయి. బుష్‌లు అరిగి పిండైపోయాయి. లోయర్ ఆర్ములు ఆడుతున్నాయి. లింక్ రాడ్లు వదులైపోయాయి. అన్నీ కలిపి ముప్ఫై వేలవుద్ది."

మాస్టారు జేబు తడుముకున్నాడు. బాబాయి చేతులకి ఏం పని చెప్పాలో తోచక, అలవాటు కొద్దీ కారు ముందుభాగం మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కి వదిలాడు. కారు ఊగుతూ పైకి లేచింది. ఆయన అలవాటు కొద్దీ మెకానిక్ మొహంలోకి చూశాడు. సరిగ్గా అప్పుడే గొంతులో దూది కదిలింది. "ఖుహూ" అని దగ్గాడు.

మెకానిక్ మొహంలో రంగు మారింది. అతనికి ఒక సిద్ధాంతం ఉంది. తెలియనివాడు వాగుతాడు, తెలిసినవాడు నోరు విప్పడు. పైగా షాకబ్జరు పనైపోయిందో లేదో తేల్చడానికి అసలు మెకానిక్కులు కూడా కారుని అలాగే నొక్కి చూస్తారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది అతని పని.

"ఆ లింక్ రాడ్లు ఇప్పుడే మార్చకపోయినా కొంపలేం మునగవులెండి," అన్నాడు. "వాటిని వదిలేద్దాం. ఇరవై ఆరు చేసుకోండి."

లింక్ రాడ్లంటే చక్రం దగ్గర ఉండే జానెడు కడ్డీలు. కారు అడుగున అడ్డంగా ఉండే కమ్మీకి, చక్రానికి పొత్తు కలుపుతాయి. ఈ సంగతి అప్పటికి బాబాయికి తెలియదు. ఆయన మళ్లీ దగ్గాడు. ఇరవై మూడయింది. మూడోసారి దగ్గబోతుంటే మెకానిక్ రెండు చేతులూ ఎత్తేశాడు. "ఇరవై! ఇంక చంపకండి బాబాయ్ గారూ, పిల్లలుగలవాణ్ని."

దారి పొడుగునా మాస్టారు మిగిలిన పదివేలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఇంటి గుమ్మం దగ్గర బాబాయి రెండు చేతులూ పట్టుకుని "మీరు సామాన్యులు కారండీ" అన్నాడు. ఆయనతో అలాంటి మాట అన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. నిజం చెప్పొద్దూ, బాబాయికి కళ్లు చెమర్చాయి.

అది మొదలు. కారున్న ప్రతివాడికీ బాబాయి కావాల్సివచ్చాడు. స్ప్రింగుల మనిషి కదా, పరుపులో ఉన్నా కారులో ఉన్నా స్ప్రింగు స్ప్రింగే అని వీధి తీర్మానించింది. ఆయనకి ముందు సీటు ఇచ్చేవాళ్లు, తలుపు తీసి పట్టుకునేవాళ్లు. దగ్గు బాగా రావాలని దారిలో ఆపి ఐస్‌క్రీము పెట్టించేవాళ్లు. రెండు ఐస్‌క్రీములైతే మరీ మంచిదని ఒకాయన, తలకి తడిగుడ్డ చుట్టుకుని రమ్మని ఇంకొకాయన. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం.

బాబాయి భార్యని వీధి వీధంతా పిన్ని అంటుంది. ఆవిడ మాత్రం ఈ వైభవానికి మురిసిపోలేదు, పక్కన పడుకునేది తనే కాబట్టి. డాక్టరు దగ్గర్నుంచి మందుసీసా తెచ్చింది. తెచ్చిన సాయంత్రమే ఎదురింటావిడ పరుగున వచ్చి "పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది, శనివారం దాకా ఆ మందు పట్టకండి. మా కారు శనివారం చూపిస్తున్నాం" అని బతిమాలింది. శనివారం తర్వాత ఇంకొకరిది. ఆ మందు మూత తియ్యకుండానే గడువు దాటిపోయింది.

బాబాయి కూడా తక్కువ తినలేదు. రానురాను దగ్గులో పనితనం పెంచుకున్నాడు. బుష్‌లకి పొడిదగ్గు, షాకబ్జర్లకి ఛాతీలోంచి పొడుగు దగ్గు, కూలికి గొంతు సవరింపు. అద్దం ముందు నిలబడి కనుబొమ ఎత్తి దగ్గడం సాధన చేస్తుంటే పిన్ని చూసి "ఏ జన్మలో ఏ పాపం చేశానో" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. పరుపుల దుకాణంలో మాత్రం ఆయన ఎంత దగ్గినా ఏ ధరా దిగలేదు. యజమాని "ఏమయ్యా, బయటికెళ్లి దగ్గు" అనేవాడు.

ఈలోగా మాస్టారు కొత్త కారు కొనుక్కున్నాడు. పాతది బాబాయి వాళ్ల అక్క కొంది. మధ్యవర్తి బాబాయే. "దీని సస్పెన్షన్ నేనే ఎదురుగా నిలబడి చేయించానక్కా. కళ్లు మూసుకుని కొనుక్కో" అన్నాడు. అక్క కళ్లు తెరుచుకునే కొంది. తమ్ముణ్ని వాడు పుట్టినప్పట్నుంచీ ఆమె ఎరుగును.

అక్కది గట్టి పిండం. ఆసుపత్రిలో ఆపరేషన్ అయినవాళ్లని ఇళ్లకి చేర్చడం ఆమె పని. పొట్ట మీద కుట్లు, నడుముకి కట్లు ఉన్నవాళ్లని వెనకసీట్లో పడుకోబెట్టి, గుడ్ల బుట్ట మోసుకెళ్తున్నట్టు తీసుకెళ్తుంది. ఆసుపత్రి గేటు ముందు టాక్సీలు బోలెడున్నా పెద్ద నర్సు ఆమెకే ఫోను చేసేది. ఆ కారు మీదే అక్క ఇల్లు గడుస్తోంది. తమ్ముడి దగ్గు ఘనత గురించి ఎవరైనా చెబితే ఆమె ఒకటే అనేది. "వాడికి కారు గురించి తెలిసిందల్లా ఎక్కడం, దిగడం."

ఇక మెకానిక్ సంగతి. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడు కదా. నాలుగుసార్లు తగ్గించాక అతనికి కిటుకు తెలిసింది. ధర చెప్పేటప్పుడే దగ్గు కింద కొంత కలిపేయడం మొదలుపెట్టాడు. పదివేల పనికి పదిహేడు చెబితే, బాబాయి దగ్గీ దగ్గీ పదికి తెస్తాడు, అందరూ ఆనందంగా ఇంటికి వెళతారు. చిక్కల్లా ఒకటి. బాబాయి లేకుండా వచ్చినవాడు పదిహేడూ కట్టాలి. కాబట్టి ఇప్పుడు బాబాయి లేకుండా ఎవరూ వెళ్లలేరు. అందరూ ఆయనతోనే వస్తారు కాబట్టి మెకానిక్ ఇంకొంచెం కలిపాడు. దగ్గు ఆ కలిపినదాన్ని దాటి పోయిన రోజున నష్టానికి పనిచేయలేక ఏదో ఒక సామాను మార్చకుండా వదిలేసేవాడు. ముందు లింక్ రాడ్లు, ఎందుకంటే అవి చిన్నవి, అన్నిటికంటే అలుసు.

చివరికి ఏ పనికి ఎంత తీసుకోవాలో అతనికే గుర్తులేకుండా పోయింది. ఒకరోజు బాబాయిని పక్కకి తీసుకెళ్లి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి. రెండు షాకబ్జర్లు మారిస్తే, న్యాయంగా నేనెంత తీసుకోవాలంటారు?"

బాబాయికి ఏం తెలుసని చెబుతాడు? దగ్గాడు.

"నేనూ అదే అనుకుంటున్నానండీ," అన్నాడు మెకానిక్ నిట్టూర్చి.

అలా ఉండగా అక్క కారులో చప్పుడు మొదలైంది. ముందు ఎడమ చక్రం దగ్గర. చిన్న గతుకు వచ్చినా టక్‌మంటుంది, టక్‌మన్నప్పుడల్లా కారు ఒళ్లు జలదరిస్తుంది. వరిబీజం ఆపరేషన్ అయిన ఒక పెద్దమనిషి దారంతా అక్కనీ, కారునీ, కారు కనిపెట్టినవాణ్నీ తిడుతూ వెళ్లాడు. ఇల్లు చేరాక ఆసుపత్రికి ఫోను చేసి ఆ తిట్లే మళ్లీ తిట్టాడు. పెద్ద నర్సు అక్కని పిలిచి "సోమవారం ఒక పెద్దావిడని ఇంటికి పంపాలి, కడుపు ఆపరేషన్. ఈలోగా ఆ చప్పుడు పోతే నువ్వే తీసుకెళ్లు. పోకపోతే ఇంక గేటు ముందున్న టాక్సీ వాడికే అన్నీ ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకు" అంది.

అక్క శుక్రవారం ఒంటరిగా గ్యారేజీకి వెళ్లింది. మెకానిక్ కింద దూరీ దూరకముందే బయటికొచ్చి జాబితా మొత్తం చదివాడు, షాకబ్జర్ల నుంచి లింక్ రాడ్ల దాకా. ధర చెప్పాడు. ఆ ధరకి ఇంకో పాత కారు వస్తుంది. అక్క ఒక్క మాట అనకుండా బండి తిప్పి తిన్నగా పరుపుల దుకాణానికి వచ్చింది. యజమాని "రండమ్మా, కూర్చుని చూడండి" అంటుండగానే ఉన్నవాటిలో ఖరీదైన పరుపు మీద చెప్పులతో సహా కూర్చుంది.

"ఒరేయ్, ఏం చేసి పెట్టావురా ఆ మనిషిని?"

"నేనేం చేశానక్కా?"

"దగ్గావు. నువ్వు దగ్గుతావని అతను పెంచాడు. అతను పెంచాడని నువ్వింకా దగ్గుతున్నావు. మధ్యలో నాలాంటిది ఒంటరిగా వెళ్తే దొరికిపోయింది. బాగుందా?"

బాబాయి పరుపు మీద చెయ్యి ఆనించి నొక్కబోయి మానుకున్నాడు. "నేనొస్తానక్కా. నేనొస్తే సగానికి దించేస్తాను."

"నాకు సగం ధర అక్కర్లేదురా. సరైన ధర కావాలి. నువ్వు మరీ దగ్గితే అతను ఏదో ఒకటి మార్చకుండా ఎగ్గొడతాడు. ఏం ఎగ్గొట్టాడో నీకు తెలుస్తుందా?"

బాబాయి పక్క పరుపు మీద దుప్పటి సర్దాడు.

"సోమవారం పెద్దావిడ కడుపు మీద కుట్లతో వెనక పడుకుంటుంది. నా బండి పోతే పోయింది, ఆవిడ కుట్లు ఊడితే నేను బతికి ఏం లాభం? దగ్గు ఎక్కడ ఆపాలో నీకు తెలుసా?"

"తెలుసక్కా," అన్నాడు బాబాయి. తెలియదు. కానీ వీధంతా తనని నమ్ముతుంటే అక్క ఒక్కతే నమ్మకపోవడం ఆయనకి ఎప్పట్నుంచో ముల్లులా ఉంది. ఈ ఒక్కసారి ఆమె చేత ఔననిపించుకోవాలని ఆశపడ్డాడు.

అక్క పరుపు మీంచి లేచింది. "నీకు తెలీదులే. నేను చెప్తాను విను. అతను డబ్బు తగ్గిస్తున్నంతసేపూ దగ్గు. సామాను పేరెత్తి 'ఇది వదిలేద్దాం' అన్నాడంటే నీ కాలు తొక్కుతాను. ఆ తర్వాత నీ నోట్లోంచి ఊపిరి కూడా గట్టిగా రాకూడదు."

మర్నాడు ఇద్దరూ గ్యారేజీలో ఉన్నారు. మెకానిక్ బాబాయిని చూడగానే స్టూలు తుడిచి వేశాడు, ఐసు నీళ్లు తెప్పించాడు. ఇప్పుడు అవి మర్యాద కింద వస్తున్నాయి. బాబాయి నీళ్లు తాగి, కారు నొక్కి, కనుబొమ ఎత్తి మొదటి దగ్గు వదిలాడు. ధర పావువంతు దిగింది. రెండో దగ్గుకి ఇంకో పావువంతు. మూడోది ఛాతీలోంచి తీశాడు, తనకే ముచ్చటేసింది.

"సరే, లింక్ రాడ్లు వదిలేద్దాం..." అన్నాడు మెకానిక్.

అక్క చెప్పుకాలు వచ్చి బాబాయి పాదం మీద పడింది. బాబాయి నోరు మూశాడు. ఇక్కడితో అయిపోతే ఇందులో చెప్పుకోవడానికేమీ లేదు. కానీ అంతవరకూ వచ్చినవన్నీ పనితనం దగ్గులు. ఇప్పుడు అసలు దగ్గు బయల్దేరింది. ఐసు నీళ్లు గొంతులోని దూదిని తాకినట్టున్నాయి, అది కితకితలు పెడుతూ పైకి పాకింది. బాబాయి పెదాలు బిగించాడు. బుగ్గలు ఉబ్బాయి. మొహం కందిపోయింది, కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి, భుజాలు అదరడం మొదలుపెట్టాయి.

మెకానిక్ ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. దగ్గు అంటే బేరం. దగ్గకుండా వణకడమంటే అది బేరం దాటిపోయిన కోపం.

"బాబాయ్ గారూ, బుష్‌లు కూడా తీసేస్తున్నాను," అన్నాడు.

బాబాయి వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు.

"చాలదా? లోయర్ ఆర్ములు పాతవే కడిగి బిగిస్తాను. అయిపోయిందా?"

బాబాయి తల అడ్డంగా గుండ్రంగా తిప్పేశాడు. అక్క "అవి మార్చవయ్యా, అవి కావాలి మాకు!" అని అరుస్తోంది. ఆడమనిషి మాట మధ్యలో వినే స్థితిలో మెకానిక్ లేడు. "షాకబ్జర్లు... షాకబ్జర్లు కూడా అక్కర్లేదండీ, నా మీద అలా చూడకండి!" అన్నాడు. ఆ మాటతో బాబాయి కట్ట తెగింది. దగ్గు బయటపడింది. ఒకటా రెండా, ఇన్నేళ్ల దూది అంతా ఒక్కసారే లేచినట్టు, వంగిపోయి, స్టూలు పట్టుకుని, గ్యారేజీ రేకులు అదిరేలా దగ్గాడు.

"ఈ కారుకి అసలేమీ కాలేదండీ!" మెకానిక్ కేక పెట్టాడు. "ఒక్క పైసా వద్దు. పని కూడా వద్దు. తీసుకెళ్లిపోండి!"

దగ్గు ఆగింది. ధర సున్నాకి దిగింది, మరమ్మతు కూడా సున్నాకే దిగింది. ఇంతటి విజయం బాబాయి జీవితంలో లేదు. ఆయన కళ్లు తుడుచుకుని అక్క వైపు చూశాడు. ఆమె తిట్టలేదు. కారు డోరుకి ఆనుకుని, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నేలకేసి చూస్తోంది. చిన్నప్పుడు తను స్కూలు ఫీజు పోగొట్టుకొచ్చిన రోజు కూడా ఆమె ఇలాగే నేలకేసి చూసింది. బాబాయి స్టూలు మీద కూలబడ్డాడు.

"తమ్ముడూ," అన్నాడు మెకానిక్‌తో. "నాకు కార్ల గురించి ఏమీ తెలీదు. నేను పరుపులు అమ్ముకుంటాను."

"ఊరుకోండి బాబాయ్ గారూ, మీరు చెయ్యేసి నొక్కితే..."

"పరుపులు అలాగే నొక్కుతాం."

"మరి దగ్గు?"

"దూది పడదు నాకు."

మెకానిక్ వెతుక్కుని ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. చాలాసేపు నెత్తి గోక్కున్నాడు. "అయితే ఇన్నాళ్లూ నేను తగ్గించింది..."

"దూదికి."

అతనికి కోపం రావాల్సింది. రాలేదు. ఏడుపు మొహం పెట్టి "ఇప్పుడు నేనెంత చెప్పాలండీ మరి? నాకసలు గుర్తే లేదు. మీరున్నారు కదా, చూసుకుంటారని నేను లెక్కలు వేసుకోవడం మానేశాను" అన్నాడు. ఇద్దరు మగాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. కాసేపుంటే ఒకరినొకరు ఓదార్చుకునేవాళ్లే.

"లే," అంది అక్క మెకానిక్‌తో. "వెనకసీట్లో పడుకో."

"ఎందుకండీ?"

"నీ కడుపు కోసి కుట్టారనుకో. పడుకో. ఒరేయ్, నువ్వు ముందెక్కు. దగ్గావంటే దింపేస్తాను."

మెకానిక్ మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. అక్క ఆసుపత్రి రోడ్డు పట్టింది, తవ్వి పూడ్చిన గోతులున్న వైపు. మొదటి గతుక్కి టక్‌మంది. వెనకనుంచి "అమ్మా!" అని వినబడింది. రెండో గతుక్కి మెకానిక్ తెలియకుండానే పొట్ట పట్టుకున్నాడు. మూడోదానికి అరవలేదు. సీటు అంచుకి చెవి ఆనించి పడుకుని ఉన్నాడు.

"ఇంకోసారి ఎక్కించండక్కా, మెల్లగా. ఎడమ చక్రం ఒక్కటే."

ఎక్కించింది. టక్.

"ఇది షాకబ్జరు కాదు," అన్నాడు. "షాకబ్జరైతే ఇలా అరవదు, ఊగుతుంది. కారేం చెబుతోందో వినడం మానేసి చాలాకాలమైందండీ నేను. మీ తమ్ముడు దగ్గడమే విన్నాను."

గ్యారేజీకి తిరిగొచ్చి కారు లేపారు. ఈసారి మెకానిక్ పాట పాడలేదు. కింద దూరి చాలాసేపు ఉన్నాడు. ఒక్కొక్కటీ పట్టుకుని ఊపి చూస్తున్న చప్పుడు వినబడింది. బయటికొచ్చినప్పుడు అతని చేతిలో జానెడు కడ్డీ ఒకటి ఉంది. దాని చివర గుండు పట్టు తప్పి, వదులు పన్నులా ఎటు పడితే అటు ఆడుతోంది.

"ఇదొక్కటే. లింక్ రాడ్. రెండో పక్కది కూడా అరిగింది, రెండూ మారుద్దాం. మిగతావన్నీ బాగున్నాయి. షాకబ్జర్లు నేను వేసినవే." అని ఆగి, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇది మాస్టారి బండి కదూ? అప్పుడే ఇవి మార్చాల్సింది. మీరు మొదటిసారి దగ్గారు చూడండి బాబాయ్ గారూ, ఆ రోజు వదిలేశాను."

బాబాయి ఆ కడ్డీని చేతిలోకి తీసుకున్నాడు. పెద్ద బరువు లేదు. మాస్టారు తన చేతులు పట్టుకున్న రోజు, కళ్లు చెమర్చిన రోజు ఆయనకి జ్ఞాపకం వచ్చింది. ఆ తర్వాత తను ముందుసీట్లో కూర్చుని వెళ్లిన కార్లన్నీ కళ్లముందు మెదిలాయి. వాటిలో ఎన్నిటికి ఈ కడ్డీలు మార్చలేదో, అవన్నీ ఇప్పుడు ఏ రోడ్ల మీద టక్‌టక్‌మంటున్నాయో. సిగ్గుతో ఆయనకి తల ఎత్తాలనిపించలేదు.

"ఎంతవుతుంది?" అంది అక్క.

మెకానిక్ నోరు తెరిచి, పాత అలవాటు కొద్దీ బాబాయి వైపు చూశాడు. బాబాయి రెండు చేతులతో నోరు మూసుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మెకానిక్ సామాన్ల కొట్టుకి ఫోను చేసి కడ్డీల ధర కనుక్కున్నాడు. తన చేతి పని ఎంతసేపు పడుతుందో ఆలోచించుకున్నాడు, ఇంకోసారి ఆలోచించుకున్నాడు, ఎవరో వెంటపడి తరుముతున్నట్టు గబగబా ఒక అంకె చెప్పాడు. నిన్న చెప్పినదానిలో అది పదో వంతు కూడా లేదు. అక్క బేరమాడలేదు. ఎవరూ దగ్గలేదు. ధర చెప్పినచోటే నిలబడింది. మెకానిక్‌కి నమ్మకం కుదరక "అంతేనా అండీ? ఇంతేనా?" అని రెండుసార్లు అడిగాడు.

తర్వాత బాబాయి వీధిలో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి "మీ కారుకి లింక్ రాడ్లు మార్పించండి, చిన్న ఖర్చే" అని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. దగ్గినప్పుడు దేవుడిలా చూసినవాళ్లు, మాట్లాడేసరికి అనుమానంగా చూశారు. మెకానిక్‌తో వాటా కలిపాడని ఎదురింటావిడే అంది. మాస్టారు మాత్రం "దగ్గి చెప్పండి బాబాయ్ గారూ, కొత్త కారుకైనా సరే మార్పిస్తాను" అన్నాడు, వేళాకోళానికి కాదు.

సోమవారం పెద్దావిడని వెనకసీట్లో పడుకోబెట్టడానికి సాయం కావాలని అక్క తమ్ముణ్ని రమ్మంది. ఎముకల గూడు లాంటి మనిషి. పొట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కారు కదలకముందే భయంతో కళ్లు గట్టిగా మూసుకుంది. అక్క ఆసుపత్రి గేటు దాటింది, తవ్విన గోతులు దాటింది. చప్పుడు లేదు. మూడో మలుపు దగ్గర బాబాయి వెనక్కి తిరిగి చూస్తే పెద్దావిడ చెయ్యి పొట్ట మీద నుంచి జారి పక్కకి వాలి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. పరుపుల మీద ఎంతోమంది నిద్రపోవడం చూసినవాడే, కానీ ఇంత హాయిగా నిద్రపోయినవాళ్లని ఆయన చూడలేదు.

సరిగ్గా అప్పుడు గొంతులో దూది కదిలింది.

బాబాయి పెదాలు బిగించాడు. బుగ్గలు ఉబ్బాయి, మొహం కందింది, కళ్లలోంచి నీళ్లు కారాయి. పక్కనుంచి అక్క ఒకసారి చూసి, ఏమీ అనకుండా ఎడమచేత్తో ఆయన మోకాలి మీద తట్టింది. గేరు మార్చాల్సినప్పుడు తప్ప ఆ చెయ్యి తీయలేదు. రోడ్డు పొడుగునా, రెండు స్పీడ్ బ్రేకర్లు దాటి, పెద్దావిడ ఇల్లు వచ్చేదాకా ఆయన ఒక్క చప్పుడు చేయలేదు. ఆవిణ్ని లోపల మంచం మీద పడుకోబెట్టాక బయటికొచ్చి, వీధి చివర దాకా ఒక్కడే నడిచివెళ్లి, ఎవరూ లేనిచోట గోడ పట్టుకుని తనివితీరా దగ్గాడు. ఆ దగ్గుకి ఎక్కడా ఏ ధరా దిగలేదు.

తిరిగొచ్చేసరికి అక్క కారు ముందు తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కరా," అంది. "ముందు మందుల షాపుకి పోదాం."